ఫైనలియర్ ప్రాజెక్టును కొనకుండా సొంతంగా చేయడం ఎలా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం

బీటెక్ మూడో సంవత్సరం ముగింపుకు వచ్చేసరికి మన కాలేజీల్లో ప్రతి బ్యాచ్‌లోనూ ఒకటే చర్చ మొదలవుతుంది: టైటిల్ ఎక్కడ తీసుకోవాలి? ఏదో ఒక ప్రాజెక్టు సెంటరుకు వెళ్లి, వారు చూపించే జాబితాలోంచి ఒక పేరు ఎంచుకుని, బేస్ పేపరు (ప్రాజెక్టుకు ఆధారంగా చూపే పరిశోధన వ్యాసం), కోడు, కిట్టు, బైండింగ్ చేసిన డాక్యుమెంటేషన్ అన్నింటినీ ఒకే ధరకు తెచ్చుకోవడం ఎవరూ తప్పుపట్టనంత మామూలు విషయమైపోయింది. నాలుగేళ్ల సిలబస్‌లో విద్యార్థి తనంతట తానుగా ఒక సమస్యను ఎంచుకుని, దానికి ఒక వస్తువును తయారు చేసి, అది పనిచేస్తుందో లేదో కొలిచి తేల్చుకునేందుకు పూర్తి అవకాశమిచ్చే అంశం దాదాపుగా ఇదొక్కటే. దాన్ని కూడా డబ్బిచ్చి ఇతరులకు అప్పగిస్తే మనకు మిగిలేది పరీక్షలు రాసిన అనుభవమే తప్ప ఇంజనీరింగ్ కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. నెల్లూరు వైపు కాలేజీలు అనంతపురం జేఎన్‌టీయూ పరిధిలోనూ, ఒంగోలు వైపువి కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలోనూ ఉన్నా, ఈ విషయంలో రెండు వైపులా పరిస్థితి ఒకటే.

సొంతంగా చేయడానికి గొప్ప తెలివితేటలు గానీ, పెద్ద ల్యాబు గానీ అవసరం లేదు. సరైన సమస్య, సరైన క్రమం ఉంటే చాలు. ఈ వ్యాసంలో నేను ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) విద్యార్థిని కాబట్టి ఒక ఎలక్ట్రికల్ ఉదాహరణనే మొదటి నుంచి చివరి దాకా తీసుకుంటాను. రొయ్యల గుంటలో ఏరేటరు, అంటే నీటిని చిలికి గాలి కలిపే యంత్రం, ఆగిపోతే రైతుకు వెంటనే ఫోను చేసే పరికరం ఆ ఉదాహరణ. ఇతర బ్రాంచీల వారు కూడా ఇదే క్రమాన్ని తమ విషయానికి అన్వయించుకోవచ్చు.

సమస్యను ఎక్కడ వెతకాలి

టైటిళ్ల జాబితా పక్కన పెట్టి జిల్లా పటం ముందు పెట్టుకోండి. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు నుంచి కొత్తపట్నం దాకా తీరమంతా రొయ్యల గుంటలున్నాయి. చీమకుర్తిలో బ్లాక్ గెలాక్సీ గ్రానైటును కోసి, పాలిష్ చేసే యూనిట్ల దగ్గర రాతిపొడి గుట్టలుగా పేరుకుపోతోంది. కనిగిరి ప్రాంతంలో భూగర్భజలాల్లోని ఫ్లోరైడు తరతరాలుగా జనాన్ని బాధిస్తోంది. పొగాకు పండించే ఊళ్లలో బ్యారన్ అనే గదిలో ఆకును వేడితో ఆరబెట్టే రోజుల్లో ఉష్ణోగ్రతను రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండాలి. పొదలకూరు నిమ్మతోటల రైతుకు నీటి తడులు ఎప్పుడు పెట్టాలన్నది ప్రతి వేసవిలోనూ ఎదురయ్యే ప్రశ్న. వీటిలో ప్రతి ఒక్కదానిలోనూ మన సిలబస్‌లోని ఏదో ఒక పాఠం దాగి ఉంది.

ఎంపికకు మూడు షరతులు పెట్టుకోమని సలహా ఇస్తాను. ఆ చోటికి మీరు బస్సులో ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలగాలి. ఆ సమస్యలో అంకెల్లో కొలవదగిన రాశి ఒకటైనా ఉండాలి. మీరు చేసిన వస్తువును వాడి, బాగుందనో బాగోలేదనో మొహమాటం లేకుండా చెప్పగలిగే మనిషి ఒక్కరైనా ఉండాలి. మూడో షరతునే చాలామంది వదిలేస్తారు, కానీ అన్నింటికంటే ముఖ్యమైనది అదే.

రెండో షరతు విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఫ్లోరైడు మీద ప్రాజెక్టు అంటూ నీళ్లలో టీడీఎస్ సెన్సరు ముంచి ఫలితాలు ప్రకటించే ప్రాజెక్టులు తరచుగా కనిపిస్తుంటాయి. టీడీఎస్ మీటరు కొలిచేది నీటి విద్యుద్వాహకతను. అందులో కరిగి ఉన్న లవణాల మొత్తాన్ని అది అంచనా వేస్తుందే తప్ప వాటిలో ఫ్లోరైడు ఎంతో చెప్పలేదు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ఇంత సన్నని తేడాను పట్టుకోవాలంటే ఫ్లోరైడు అయాన్ ఎలక్ట్రోడు గానీ, ల్యాబులో రంగు ఆధారంగా చేసే స్పాడ్న్స్ పరీక్ష గానీ కావాలి. మన సెన్సరు నిజంగా ఏ రాశిని కొలుస్తోందో తెలుసుకోకుండా చేసిన ప్రాజెక్టు ఎంత అందంగా ఉన్నా అది తప్పే. పైగా తాగునీటి విషయంలో అది ప్రమాదకరమైన తప్పు.

ముందు వినడం, తర్వాతే సర్క్యూటు

మా బ్రాంచిలో ఎవరినైనా రొయ్యల గుంటకు ప్రాజెక్టు చేయమంటే వెంటనే ఆక్సిజన్ సెన్సరు, క్లౌడు, మొబైల్ యాప్ అంటారు. గుంట గట్టు మీద రైతుతో గంటసేపు కూర్చుంటే సమస్య స్వరూపమే మారిపోతుంది. పగలు నీటిలోని సూక్ష్మ మొక్కలు ఎండ సాయంతో ఆక్సిజన్‌ను తయారు చేస్తాయి. రాత్రి ఆ ఉత్పత్తి ఆగిపోయినా రొయ్యలు, ఆ మొక్కలు, అడుగున చేరిన మేత వ్యర్థాలను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అన్నీ ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి కాబట్టి తెల్లవారుజామున అది కనిష్ఠానికి పడిపోతుంది. దానికి తోడు నీరు వెచ్చబడే కొద్దీ ఆక్సిజన్ కరిగే సామర్థ్యం తగ్గుతుంది. మంచినీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు దాదాపు 8.3 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర దాదాపు 7.5 మాత్రమే కరుగుతుంది, ఉప్పునీటిలో ఇంకా తక్కువ. వనామి రొయ్యకు లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గకుండా చూడాలని సాధారణంగా చెబుతారు. అందుకే రాత్రంతా ఏరేటర్లు తిరుగుతూ ఉండాలి. కరెంటు పోయినా, ఒక ఫేజు పోయి మోటారు కాలిపోయినా, కాపలా మనిషికి నిద్ర పట్టినా, తెల్లారేసరికి పంటంతా పోయే ప్రమాదం ఉంది.

కాబట్టి రైతుకు అత్యవసరంగా కావలసింది ఆక్సిజన్ గ్రాఫు కాదు, ఏరేటరు ఆగిందన్న కబురు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే సెన్సరు ఖరీదైనది, తరచూ క్యాలిబ్రేషన్ (తెలిసిన విలువతో సరిచూసి దిద్దడం) కోరుతుంది, గుంటనీటిలో దాని మీద పాచి పేరుకుంటుంది. మోటారు తీసుకునే కరెంటును కొలవడం అయితే చవక, నీటితో సంబంధం లేదు, మన రెండో సంవత్సరపు పాఠాలతోనే అర్థమవుతుంది. ఖరీదైన సాంకేతికత కంటే సరిపోయే సాంకేతికతను ఎంచుకోవడమే ఇంజనీరు చేయవలసిన మొదటి నిర్ణయమని నా అభిప్రాయం. ఆ నిర్ణయం గట్టు మీద మాట్లాడితేనే సాధ్యమవుతుంది, గూగుల్‌లో వెతికితే దొరకదు.

మాట్లాడేటప్పుడు మీ ఆలోచనను ముందుగా చెప్పకండి. చెబితే మర్యాద కోసం బాగుందనే అంటారు. రాత్రిపూట కరెంటు పోతే ఇప్పుడు ఎలా తెలుస్తోంది, జనరేటరు వేయడానికి ఎంతసేపు పడుతుంది, ఫోను ఎక్కడ పెట్టుకుని పడుకుంటారు, ఏరేటర్లను కావాలని ఎప్పుడెప్పుడు ఆపుతారు అని అడగండి. చివరి ప్రశ్నకు వచ్చే జవాబు మీ డిజైనునే మార్చేస్తుంది. మేత చల్లేటప్పుడు అది చెదిరిపోకుండా చాలామంది ఏరేటర్లను ఆపుతారు. ఆ సంగతి తెలియకుండా తయారు చేసిన పరికరం రోజుకు నాలుగుసార్లు అనవసరంగా మోగి, వారం తిరిగేలోపే మూలన పడుతుంది. విన్నదంతా అదే రోజు నోటుపుస్తకంలో తేదీతో సహా రాసుకోండి. మీ డాక్యుమెంటేషన్‌లో మొదటి అధ్యాయం అదే అవుతుంది.

కొనే ముందు లెక్క వేయడం

భాగాలు కొనడానికి ముందు కాగితం మీద లెక్క చేయాలి. గుంటల్లో వాడే ప్యాడిల్‌వీల్ ఏరేటర్లకు సాధారణంగా ఒకటి రెండు హార్స్‌పవర్ల త్రీఫేజ్ మోటార్లు ఉంటాయి. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. సామర్థ్యం 75 శాతం, పవర్ ఫ్యాక్టరు 0.8, లైన్ వోల్టేజి 415 అనుకుంటే మోటారు ఒక్కో ఫేజులో తీసుకునే కరెంటు సుమారు 1.7 ఆంపియర్లు వస్తుంది. ఇప్పుడు సెన్సరు చూద్దాం. ఎస్‌సీటీ-013 శ్రేణి కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు తీగను కోయకుండా దాని చుట్టూ క్లిప్పులా బిగించే రకం. వీటిలో అందరూ కొనే 30 ఆంపియర్ల మోడలు, నిండు కరెంటు దగ్గర 1 వోల్టు ఇస్తుంది కాబట్టి, మన 1.7 ఆంపియర్లకు 60 మిల్లీవోల్టుల లోపే ఇస్తుంది. ప్రోగ్రాము ఎక్కించి వాడే చిన్న కంట్రోలరు బోర్డు ఆర్డ్యునో యూనో 5 వోల్టులను 1024 మెట్లుగా విభజిస్తుంది, అంటే ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు. మన ఏసీ సంకేతం శిఖరం దగ్గర కూడా పదిహేడు మెట్ల ఎత్తుకు మించదు. ఇదే శ్రేణిలోని 10 ఆంపియర్ల మోడలు తీసుకుంటే అది యాభై మెట్లవుతుంది, పైగా మోటారు మొదలయ్యేటప్పుడు ఆరు రెట్ల కరెంటు లాగినా సంకేతం ఆర్డ్యునో చదవగలిగే పరిధిని దాటదు. ఈ చిన్న లెక్క చేసిన విద్యార్థికి, కిట్టు కొన్న విద్యార్థికి మధ్య తేడా వైవాలో మొదటి ప్రశ్నకే బయటపడుతుంది. ఒకే స్టార్టరు మీద రెండు మూడు ఏరేటర్లు ఉంటే కరెంటు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది కనుక, లెక్కను మీ గుంట దగ్గరి పరిస్థితికి తగ్గట్టు తిరిగి వేసుకోండి.

తయారీ

మొదటి దశ అంతా హాస్టలు గదిలోనో, కాలేజీ ల్యాబులోనో జరగాలి. ఆర్డ్యునో కొనక ముందే టింకర్‌క్యాడ్ అనే ఉచిత సిమ్యులేటరులో బ్రౌజరు మీదే ప్రోగ్రాము రాసి చూసుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చే సంకేతం ఏసీ, సున్నాకు పైకీ కిందికీ ఊగుతుంది. ఆర్డ్యునో రుణ వోల్టేజిని చదవలేదు. అందుకని సమానమైన రెండు రెసిస్టర్లతో 2.5 వోల్టుల మధ్యబిందువును తయారు చేసి, సంకేతాన్ని దాని మీద కూర్చోబెట్టాలి. మన సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి ఒక ఆవర్తనం 20 మిల్లీసెకన్లు. కనీసం పది ఆవర్తనాల పాటు, అంటే 200 మిల్లీసెకన్ల పాటు చదివి, ఆ విలువల ఆర్ఎంఎస్ (వర్గాల సగటుకు వర్గమూలం) కట్టాలి. మొదటి సంవత్సరంలో సూత్రంగా బట్టీ పట్టిన ఆర్ఎంఎస్ అంటే ఏమిటో చాలామందికి ఇక్కడే మొదటిసారి నిజంగా అర్థమవుతుంది.

క్లిప్పును ఒక్క ఫేజు తీగ చుట్టూనే బిగించాలి. మూడు ఫేజులూ ఉన్న కేబులు మొత్తానికి బిగిస్తే మూడింటి కరెంట్ల మొత్తం సున్నా అవుతుంది కాబట్టి మోటారు తిరుగుతున్నా సెన్సరు ఏమీ చూపదు. మూడు ఫేజులకూ మూడు సెన్సర్లు పెట్టడం మంచిది. అప్పుడు ఒక ఫేజు పోయి మిగిలిన రెండింటిలో కరెంటు పెరిగిన స్థితిని, అంటే మోటార్లను కాల్చే సింగిల్ ఫేజింగ్‌ను కూడా ముందుగానే పసిగట్టవచ్చు. స్టార్టరు పెట్టెను మీరు తెరవకండి. 415 వోల్టుల దగ్గర ధైర్యానికి చోటు లేదు. సరఫరా ఆపించి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే క్లిప్పులు పెట్టించండి.

ఫోను చేయడానికి సిమ్800ఎల్ మాడ్యూలు చవకగా దొరుకుతుంది. అది 2జీ మీద మాత్రమే పనిచేస్తుంది. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ వేస్తే ఎంత వెతికినా సిగ్నలు రాదు. మీ గుంట దగ్గర 2జీ బాగా అందే నెట్‌వర్కు ఏదో ముందుగా చూసుకోండి. ఈ మాడ్యూలుకు 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య సరఫరా కావాలి, టవరుతో మాట్లాడే క్షణాల్లో అది 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆర్డ్యునో బోర్డు మీది 3.3 వోల్టుల పిన్ను ఇవ్వగలిగేది 50 మిల్లీఆంపియర్లే. దానికి కలిపితే మాడ్యూలు మాటిమాటికీ ఆగి మొదలవుతూ ఉంటుంది, విద్యార్థులు కోడులో తప్పు ఉందనుకుని రాత్రులు వెతుకుతూ ఉంటారు. ఒక లిథియం సెల్లు నుంచి నేరుగా, పొట్టి, లావు తీగలతో సరఫరా ఇచ్చి, మాడ్యూలు పక్కనే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు పెడితే ఈ బాధ తీరుతుంది. కరెంటు పోయిన సంగతి చెప్పాల్సిన పరికరం ఆ కరెంటు మీదే ఆధారపడకూడదు కనుక బ్యాటరీ ఎలాగూ తప్పదు. ఆర్డ్యునోకు అదే సెల్లు నుంచి 5 వోల్టులకు పెంచే చిన్న కన్వర్టరు కలపండి.

ప్రోగ్రాములో పెట్టవలసిన తర్కాన్ని రైతు చెప్పిన మాటలే నిర్ణయిస్తాయి. కరెంటు రెండు నిమిషాల పాటు ఎడతెగకుండా లేకపోతేనే ఫోను చేయాలి. మేత వేసే ముందు నొక్కడానికి ఒక బటను ఉండాలి, అది అరగంట తర్వాత తనంతట తానే రద్దు కావాలి. మొదటి నంబరు ఎత్తకపోతే రెండోదానికి, ఆ తర్వాత మూడోదానికి వెళ్లాలి. నిద్రలో ఉన్న మనిషికి ఎస్సెమ్మెస్ వినపడదు, ఫోను మోగితేనే లేస్తాడు. ప్రతి సాయంత్రం పరికరం బాగానే ఉందని మాత్రం ఒక ఎస్సెమ్మెస్ పంపాలి, ఎందుకంటే అది మౌనంగా ఉంటే గుంట బాగుందో, పరికరమే చెడిపోయిందో తెలియదు. తుపాను వచ్చినప్పుడు మొబైల్ టవర్లూ పడిపోతాయి కాబట్టి గట్టు మీదే మోగే సైరన్ కూడా తప్పనిసరి.

బ్రెడ్‌బోర్డు (సోల్డరు లేకుండా తీగలు గుచ్చి సర్క్యూటు పరీక్షించే పలక) మీద పనిచేసినది గుంట దగ్గర పనిచేయదు. ఉప్పుగాలికి రాగి తీగలు నెలల్లోనే పచ్చబడతాయి. భాగాలన్నీ జీరో పీసీబీ అనే చిల్లుల పలక మీద సోల్డరు చేసి, వార్నిషు పూసి, నీరు చొరని ప్లాస్టిక్ పెట్టెలో గ్లాండుల (నీరు పోకుండా తీగను బిగించే మరల) ద్వారా తీగలు బయటికి తీయండి.

చదువు ఎక్కడ దొరుకుతుంది

క్లాసులో చెప్పని భాగాలను నేర్చుకోవడానికి మన తరానికి ఉన్నన్ని దారులు ఇంతకు ముందు ఏ తరానికీ లేవు. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగానే చూడవచ్చు, సర్టిఫికెట్టు కోసం పరీక్ష రాయదలిస్తేనే రుసుము కట్టాలి. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్‌లో కొన్ని పాఠాలు తెలుగు వ్యాఖ్యానంతోనూ ఉన్నాయి. ఇంటరు దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవారు వాటితో మొదలుపెట్టడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయితే పాఠాలు వరుసగా చూసుకుంటూ పోవడం చదువు కాదు. ప్రాజెక్టులో ఒక ముడి పడినప్పుడు దాన్ని విప్పడానికి కావలసిన ఒక్క పాఠాన్ని వెతికి చూడండి. అది జీవితాంతం గుర్తుంటుంది.

చాట్‌జీపీటీ వంటి ఏఐ సాధనాలను వాడవద్దని చెప్పేవారితో నేను ఏకీభవించను. కాకపోతే వాడే తీరు ముఖ్యం. మొత్తం కోడు రాసిపెట్టమని అడిగితే ప్రాజెక్టు సెంటరుకు వెళ్లినట్టే, డబ్బు మాత్రం మిగులుతుంది. మధ్యబిందువు ఎందుకు కావాలో తెలుగులో వివరించమనండి. మీరు రాసిన కోడులో తప్పు ఎక్కడుందో అడగండి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరులా మిమ్మల్ని ప్రశ్నించమనండి. పిన్ను నంబర్లు, వోల్టేజి, కరెంటు పరిమితులు అది చెప్పినప్పుడు మాత్రం తయారీదారు ఇచ్చే డేటాషీటు తెరిచి సరిచూసుకోకుండా నమ్మకండి, ఎందుకంటే ఈ సాధనాలు తప్పును కూడా అంతే నమ్మకంగా చెబుతాయి. ప్రతి వరుసనూ మీ మాటల్లో వివరించలేని కోడును పరికరంలో ఎక్కించకూడదని మీ బ్యాచ్‌లో అందరూ ఒక నియమం పెట్టుకోండి.

పరీక్షించడం, రికార్డు, వైవా

పనిచేస్తోంది అనే మాటకు అంకెలతో రుజువు కావాలి. రైతు సమ్మతితో, పగటిపూట, ఏరేటరును కనీసం ముప్పై సార్లు ఆపించి, ప్రతిసారీ ఆపిన సమయం, ఫోను మోగిన సమయం, ఏ నంబరుకు వెళ్లింది అనేవి పట్టికలో రాయండి. ఆగకుండానే మోగినవి, ఆగినా మోగనివి వేర్వేరుగా లెక్కించాలి. మొదటి రకం తప్పు నిద్ర చెడగొడుతుంది, రెండో రకం పంట పోగొడుతుంది. కాబట్టి రెండింటినీ కలిపి ఇంత శాతం ఖచ్చితత్వం అని ఒకే అంకె చెప్పడం ఇక్కడ తప్పుదోవ పట్టించడమే అవుతుంది.

సివిల్ విద్యార్థులు గ్రానైటు పొడి కలిపిన కాంక్రీటు మీద పని చేయదలిస్తే క్యాలెండరు ముందే చూసుకోవాలి. 150 మిల్లీమీటర్ల ఘనాలు పోశాక 28 రోజుల బలం తెలియాలంటే 28 రోజులూ ఆగాల్సిందే. రివ్యూకు నెల ముందు మొదలుపెట్టినవారే చివరికి అంకెలు కల్పించే స్థితికి వస్తారు.

రివ్యూల్లో గైడు దగ్గరికి స్లైడ్ల కంటే ముందు నోటుపుస్తకం తీసుకెళ్లండి. ఒక్కో గైడు కింద చాలా బ్యాచ్‌లు ఉంటాయి, అందరి పనినీ లోతుగా చూసే తీరిక వారికి ఉండదు. తేదీలవారీగా రాసిన కొలతలు, విఫలమైన సర్క్యూటుల బొమ్మలు ఎదురుగా కనిపిస్తే ఆ పది నిమిషాల్లోనే వారు మీకు నిజంగా ఉపయోగపడే మాట చెప్పగలుగుతారు. డాక్యుమెంటేషన్ మందాన్ని బట్టి మార్కులు వేసే పద్ధతి పోవాలని, ఆ స్థానంలో కొలతల పట్టికను పరీక్షించే పద్ధతి రావాలని నేను కోరుకుంటున్నాను. అది వచ్చే దాకా మీ డాక్యుమెంటేషన్‌లో ఆ పట్టికను ముందుపేజీల్లోనే పెట్టండి. వైవాలో ఎక్స్‌టర్నల్ చూపు సహజంగానే దాని మీద పడుతుంది, ప్రశ్నలు మీరు నిజంగా చేసిన పని చుట్టూనే తిరుగుతాయి. మీ పరికరం చేయలేని పనులను మీరే ముందుగా చెప్పండి. గుంటలో ఆక్సిజన్ ఎంతుందో ఇది చెప్పదు, ఏరేటరు రెక్క విరిగినా మోటారు తిరుగుతూ ఉంటే కనిపెట్టలేకపోవచ్చు.

వైవా అయ్యాక పరికరాన్ని కాలేజీ స్టోరు గదికి అప్పగించేయకుండా, నియమాలు అనుమతిస్తే గైడుతో మాట్లాడి ఆ పంట పూర్తయ్యే దాకా గుంట దగ్గరే ఉంచండి. సర్క్యూటు బొమ్మ, కోడు, భాగాల ధరలు, కొలతల పట్టిక, రైతు చెప్పిన లోపాలు అన్నింటినీ ఒక్కచోట చేర్చి, మూడో సంవత్సరంలో ఉన్న ఒక బ్యాచ్‌ను వెంటబెట్టుకుని గుంట దగ్గరికి తీసుకెళ్లి రైతుకు పరిచయం చేయండి. రెక్క విరిగినా గుర్తించేలా చేయడం వారి ప్రాజెక్టు కావచ్చు.